పుస్తక పఠనం, సంగీతం, ఈత

నాలుగింటికి వస్తానంది చిట్టి. ఇప్పుడు మూడు దాటి నాలుగు నిమిషాలు, కంప్యూటరు మూలన అంకెలు అలా చెబుతున్నాయి, చూడకుండా ఉందామంటే కళ్లు అక్కడికే పోతున్నాయి. ఫోన్లో ఎంత మామూలుగా అడిగింది, "మామయ్యా, బయోడేటాలో హాబీలు పెట్టాలా వద్దా? మా ఫ్రెండ్స్‌లో సగం మంది పెట్టాలంటున్నారు, సగం మంది అదంతా పాతకాలం, తీసెయ్ అంటున్నారు. నువ్వు చెప్పు, నువ్వేగా ఎక్స్‌పర్టువి," అని నవ్వింది. ఇరవై ఆరేళ్లుగా ఈ షాపులో కూర్చుని ఊరందరి బయోడేటాలూ టైపు చేసినవాణ్ని, నా అసలు పేరు మరిచిపోయి బయోడేటాలాయన అని పిలిచేదాకా చేసినవాణ్ని, సొంత మేనకోడలు అడిగిన ఒక్క ముక్కని వాయిదా వేశాను. నువ్వు రా, వచ్చాక చూద్దాం అన్నాను. చూద్దామట. ఏం చూస్తాను? పదకొండేళ్లుగా చూడకుండా తప్పించుకు తిరుగుతున్నది అదొక్కటేగా. ఆ హాబీల వరసలో నేను ఒకసారి ఒక మాట కొట్టాను, ఆ మాట వాళ్ల నాన్నని నీళ్లలోకి దింపింది, ఈ సంగతి నాకూ ఇంకొకరిద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు. ఇవాళ చెప్పాలి. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పను, నా సంగతి నాకు తెలుసు.

ఫ్యాను తిరుగుతోంది, కానీ గాలి కింద దాకా రావడం లేదు. అద్దం తలుపు మీద తిరగేసి కనిపిస్తున్న అక్షరాలు, జెరాక్స్, లామినేషన్, బయోడేటా, నేనే అంటించాను, జెరాక్స్‌లో ఒక అక్షరం ఊడిపోయి నాలుగేళ్లయింది. ఆ చివరి ముక్క, బయోడేటా, దాని మీదే నా పేరంతా. నాకో లెక్క ఉండేది. కాగితం అడుగున ఖాళీ ఉండకూడదు. పేరు, చదువు, అనుభవం అన్నీ అయ్యాక పేజీలో నాలుగు వేళ్ల తెల్లదనం మిగిలితే ఆ మనిషికే ఏదో తక్కువైనట్టు కనిపిస్తుందని నా నమ్మకం. అందుకని ఒక ఫైలు తయారుగా పెట్టుకున్నాను, పేరు మార్చు, ఊరు మార్చు, మార్కులు మార్చు, కింద హాబీలు మాత్రం ఎప్పుడూ అవే ఉంటాయి. పుస్తక పఠనం, సంగీతం వినడం, ఈత. ఎందుకు ఆ మూడే అంటే ఏం చెప్పను, ఒకటి బుర్రకి, ఒకటి మనసుకి, ఒకటి ఒంటికి అనుకున్నాను, పెద్ద కనిపెట్టినవాడిలా. ఎంతమందికి పెట్టానో. ఒకాయన మర్నాడు తిరిగొచ్చి, "ఏమండీ, నాకు కుడి చెవి వినపడదు, సంగీతం అని పెట్టారేంటండీ?" అన్నాడు, ఎడమ చెవితో వినండి అన్నాను, షాపులో అందరూ పగలబడి నవ్వారు, ఆయన కూడా నవ్వాడు పాపం. ఇంకొకణ్ని ఇంటర్వ్యూలో ఈమధ్య ఏం పుస్తకం చదివావు అంటే గ్యాసు పుస్తకం అన్నాడట. వచ్చి ఆ మాట చెప్పి, నన్ను తిట్టి, ఉద్యోగం వచ్చిందని స్వీట్లు ఇచ్చి వెళ్లాడు. నవ్వుకోవడానికి భలే ఉండేవి. ఈత గురించి మాత్రం ఎవడూ వచ్చి దెబ్బలాడలేదు, ఉద్యోగానికి వెళ్లినచోట ఎవడు దింపుతాడు నీళ్లలోకి.

బావ ఆ రోజు ఇదిగో ఈ స్టూలు మీదే కూర్చున్నాడు. స్టూలు మార్చాను అప్పటినుంచి, కానీ చోటు అదే. చెల్లెలి మొగుడని బావ అంటున్నాను గానీ, అంతకు ముందే మేము ఒకే బెంచీ వాళ్లం, వాణ్ని అందరూ మడత అని పిలిచేవాళ్లం, వాడి చొక్కా మడత నలగగా చూసినవాడు లేడు. ఆదివారం వచ్చిందంటే ఇంటిల్లిపాది బట్టలూ ముందేసుకుని ఇస్త్రీ చేసేవాడు, చెల్లి చేస్తానంటే ఇచ్చేవాడు కాదు. గుక్కెడు నీళ్లు నోట్లో పోసుకుని బట్ట మీద తుంపరగా చిమ్మి, కాలరు దగ్గర మొదలుపెట్టి, చేతులు, భుజం, వీపు, ఆఖరికి బొత్తాల మధ్య సందులు, ఎక్కడా తొందర లేదు. చిట్టి చిన్నప్పుడు ఆ వేడి చొక్కాలు చెంపకి ఆనించుకుని తిరిగేది. పని చేసిన మిల్లు మూసేశారు, నలభైకి దగ్గర పడుతున్నాడు, పంపుహౌసులో మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి నా దగ్గరికి వచ్చాడు. టపటపా కొట్టేశాను. కింద హాబీలు అని ఉంటే, ఇదేంటి బావా అని అడిగాడు. నీకు ఏదంటే ఇష్టమో అది అన్నాను. కాసేపు ఆలోచించాడు. వాడి మొహం ఇప్పటికీ కనిపిస్తుంది నాకు, వాణ్ని అలాంటి ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగలేదు కాబోలు, సిగ్గుపడి, "ఇస్త్రీ చెయ్యడం అంటే ఇష్టం బావా, అది రాయొచ్చా?" అన్నాడు. నేను నవ్వాను. చిన్న నవ్వు కూడా కాదు, జెరాక్స్ తీయించుకుంటున్న వాళ్లు తిరిగి చూసేంత నవ్వు. "అది హాబీ ఏంట్రా, అది పని. లాండ్రీవాడు అనుకుంటారు. నేను పెట్టినవి ఉండనీ," అన్నాను. సరే నీ ఇష్టం అన్నాడు. కాగితం బయటికి వచ్చింది, వెచ్చగా, దాన్ని అంచులు కలిపి ఎంత బాగా మడిచాడో.

పఠనం, సంగీతం, ఈత. వాడు పుట్టి బుద్ధెరిగాక మోకాలు దాటిన నీళ్లలో నిలబడలేదు.

ఎవరో వచ్చారు. రెండు వైపులా రెండు కాపీలు కావాలట. మూత ఎత్తాను, కాగితం బోర్లించాను, పచ్చటి వెలుగు ఇటునుంచి అటు పోయింది, ఇస్త్రీపెట్టె ఎలా పోతుందో అలా, తొందర లేకుండా, చివరిదాకా. ఈ మిషను దగ్గర నాకు పడే బాధ ఎవరికీ చెప్పలేను. బయటికొచ్చే ప్రతి కాగితం వెచ్చగా ఉంటుంది. అరచేతిలో పట్టుకోగానే అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కా పట్టుకున్నట్టే ఉంటుంది, రోజుకి రెండు వందలసార్లు బావ నాకు చొక్కా అందిస్తాడు, నేను అందుకుని వేరేవాళ్లకి ఇచ్చేస్తాను. మొదట్లో కాగితాలు ట్రేలోనే చల్లారనిచ్చి తీసేవాణ్ని, ఏంటండీ లేటు అని విసుక్కునేవాళ్లు. ఇప్పుడు తీసేస్తున్నాను. అలవాటైందని కాదు. ఆయన కాపీలు తీసుకుని వెళ్లాడు. మూడూ ఇరవై రెండు.

ఇంటర్వ్యూ నుంచి సాయంత్రం తిన్నగా ఇక్కడికే వచ్చాడు, మొహమంతా నవ్వు, నవ్వు వెనక ఏదో బెదురు. "ఈత వచ్చా అని అడిగారు బావా. పక్కనే అంత పెద్ద రిజర్వాయరు కదా, వచ్చినవాడైతే మంచిదట. కాగితం వాళ్ల చేతిలోనే ఉంది. కాదంటే నువ్వు అబద్ధాలు కొట్టేవాడివైపోతావు, తర్వాత ఈ షాపు కాగితమంటే ఎవరు నమ్ముతారు? వచ్చు అనేశాను." నా షాపు పరువు కోసం అన్నాడు ఆ మాట. నేనేం చేశానూ, వీపు మీద చరిచి, "ఉద్యోగం కొట్టేశావు కదరా!" అన్నాను. కొంచెం ఆగి, ఎక్కడైనా నేర్చుకోవాలేమో బావా అన్నాడు. స్టేడియం వెనక ఈత కొలను ఉంది, వచ్చే నెల ఇద్దరం చేరదాం అన్నాను. ఆ వచ్చే నెల రాలేదు. ఎన్ని నెలలు రాలేదు? పద్నాలుగు. రెండుసార్లు గుర్తు చేశాడు, రెండోసారి నేను, "నిన్నెవడు దింపుతాడురా నీళ్లలోకి, నువ్వు మీటలు తిప్పేవాడివి," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నేను ఏం చేస్తున్నానో కూడా గుర్తుంది, స్టేప్లర్‌లో పిన్నులు నింపుతున్నాను. తలెత్తి వాడి మొహం కూడా చూడలేదు.

దింపారు. నీళ్లు లాగే పైపు నోటికి ఇనప జాలీ ఉంటుందట, దానికి నాచూ ప్లాస్టిక్ కవర్లూ పట్టుకుని నీళ్లు రావడం ఆగిపోయింది, దిగి తీసే గజ ఈతగాడు ఆ రోజు సెలవు. ఇదంతా నాకు ఓ నెల తర్వాత అక్కడి మెకానిక్ వచ్చి చెప్పాడు. షాపు ఖాళీ అయ్యేదాకా బయట నిలబడి, అప్పుడు లోపలికొచ్చాడు. "మనవాళ్లలో ఈత ఎవరికి వచ్చో చూడండని ఆఫీసరుగారు ఫైళ్లు తీయించారండి. మీ బావగారి కాగితంలో ఉంది. పిలిచారు. ఆయన ఒకసారి నీళ్లవైపు చూశాడండి. నడుముకి తాడు కట్టుకోమన్నాం, కట్టుకున్నాడు. ఆ తాడే జాలీకి చిక్కుకుంది. ఈత వచ్చినోడు విప్పుకుని పైకొచ్చేవాడండి. ఆఫీసరుగారు మాత్రం ఆయనంతట ఆయనే దిగాడని రాసేశారండి," అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయన ఏడుస్తూనే చెప్పాడు. నేను ఏం అడిగానో తెలుసా. బావ ఆఖరి మాట ఏమన్నాడని అడగలేదు, భయపడ్డాడా అని అడగలేదు. ఈ ఫైలు సంగతి ఇంకెవరికైనా చెప్పావా అని అడిగాను. లేదండి అన్నాడు. చెప్పకు అన్నాను. ఆ రెండో మాట, చెప్పకు, అది నా నోట్లోంచి ఎంత గబుక్కున వచ్చిందో. మొదటిది పొరపాటు అనుకో, ఆ ఫైల్లో ఆ మాట ఊరందరికీ ఉంది, వాడికీ ఉంది. రెండోది పొరపాటు కాదు.

నీళ్లలోకి దిగేముందు చొక్కా విప్పి, మడత పెట్టి, గట్టు మీద పెట్టాడట. తడి తగలకుండా, గాలికి ఎగరకుండా పైన చెప్పులు పెట్టాడట. ఆ చొక్కానే చెల్లికి ఇచ్చారు. చెల్లి దాన్ని ఇప్పటిదాకా విప్పలేదు, మడత చెదరకుండా ట్రంకు పెట్టెలో పెట్టుకుంది.

మెకానిక్ వచ్చి వెళ్లిన మర్నాడే ఫైల్లోంచి ఈత తీసేశాను. దాని చోట తోటపని అని పెట్టాను. వేళ్లు వినవు, పేరూ చదువూ కొట్టుకుంటూ కిందికి వచ్చేసరికి వాటంతటవే ఈ, త, కొట్టేస్తాయి, చెరిపేస్తాను, మళ్లీ కొట్టేస్తాయి. కానీ అంతకుముందు వెళ్లిపోయినవాటి సంగతి? ఎన్ని ఆఫీసుల బీరువాల్లో నా కాగితాలు ఉన్నాయి, ఈత రాని ఎంతమంది కింద ఈత అని ఉంది, పేపర్లో ఎవరో మునిగిపోయారని చదివితే చాలు, వయసు చూస్తాను, ఉద్యోగం చూస్తాను, నా మనిషేనా అని చూస్తాను. ఒకసారి స్టేడియం వెనకకి వెళ్లి కంచె బయట నిలబడ్డాను. పిల్లలు గట్టు పట్టుకుని కాళ్లు కొడుతున్నారు, మాస్టారు విజిలు వేస్తున్నాడు. మీరు చేరతారా సార్ అని గేటు దగ్గర అడిగాడు ఒకాయన. ఇద్దరం చేరదామనుకున్నామండీ అన్నాను. రెండో ఆయన్ని కూడా తీసుకురండి అన్నాడు. ఇంటికొచ్చి మంచమెక్కితే మూడు రోజులు జ్వరం.

చెల్లి మాత్రం పదకొండేళ్లుగా ఒకటే మాట. కూర తరుగుతూ అంటుంది, తల దువ్వుకుంటూ అంటుంది, నన్ను చూస్తే తప్పకుండా అంటుంది. "ఈత రాని మనిషి నీళ్లలోకి ఎందుకు దిగాడు అన్నయ్యా?" జవాబు కోసం కాదు, అలవాటైపోయింది, అయినా ప్రతిసారీ ఆ ప్రశ్న చివర నా వైపు చూస్తుంది. నేను ప్రతిసారీ ఏదో ఒకటి అంటాను, వాడి మొండితనం నీకు తెలీదా అంటాను, పోయినవాడి మీద మొండితనం కూడా అంటగట్టాను. మొదట్లో నలుగురూ అనుకున్నారు తాగి దిగాడని. టీ కూడా రెండోసారి తాగడు వాడు. ఆ మాటకి చెల్లి ఎంత ఏడ్చిందో, నేను పక్కనే కూర్చున్నాను, ఒక్క వాక్యంతో ఆ మాట కడిగెయ్యగలిగినవాణ్ని, కూర్చున్నాను అలాగే. చిట్టికి అప్పుడు పదకొండేళ్లు. ఇప్పుడు ఇరవై రెండు, కళ్ల ఆసుపత్రిలో రికార్డుల దగ్గర ఉద్యోగం ఖాళీ ఉందట, దానికోసమే ఈ కాగితం. వాళ్లమ్మ దాన్ని బక్కెట్టు నిండా నీళ్లున్నా దగ్గరికి పోనిచ్చేది కాదు. అయినా ఆదివారాలు సాయంత్రం దాని జడ తడిగా ఉంటుంది, లైబ్రరీకి వెళ్లొచ్చానంటుంది, ఇప్పుడేంటే తలస్నానం అని చెల్లి అరుస్తుంది, ఉక్క అమ్మా అంటుంది.

మూడూ నలభై ఎనిమిది. చెప్పకపోతే ఏమవుతుంది? హాబీలు అక్కర్లేదమ్మా, ఇప్పుడెవరూ చూడరు, తీసేద్దాం అంటే సరిపోతుంది. నిజం కూడా అదే, ఎవరూ చూడరు. చూసినవాళ్లు ఒక్కసారి చూశారు. అలా అనేస్తే కాగితం అడుగున తెల్లగా మిగులుతుంది, మిగలనీ. చెప్తే చిట్టికి ఏమొస్తుంది? ఉన్న ఒక్క మామయ్య పోతాడు. చెల్లికి అన్నయ్య పోతాడు. ఇలా వాళ్లకోసం ఆలోచిస్తున్నట్టు నటించడం నాకు బాగా వచ్చు, పదకొండేళ్ల సాధన, నా బయోడేటా నేను రాసుకుంటే హాబీల దగ్గర అదే పెట్టుకోవాలి. భయం. నాకు భయం. అది ఒక్కటీ చెప్తే మిగతాది చెప్పక్కర్లేదు.

తలుపు కిర్రుమంది. ముందే వచ్చేసింది. జడ ఆరింది ఇవాళ, భుజాన బ్యాగు, చేతిలో ప్లాస్టిక్ కవరు, చుడీదారు చేతుల మీద మడత కత్తిలా నిలబడి ఉంది. దీనికి ఎవరు నేర్పారు, పదకొండేళ్లకి చూసి నేర్చుకున్నదేనా అది?

"ఏంటి మామయ్యా, అలా ఉన్నావు? టీ తాగలేదా?"

"కూర్చోమ్మా."

కూర్చుంది, అక్కడే. కవర్లోంచి ఒక కాగితం తీసింది. నాలుగు మడతల కాగితం, మడతల దగ్గర పచ్చబడింది, అంచులు ఇప్పటికీ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసి ఉన్నాయి. విప్పకముందే తెలిసిపోయింది నాకు. నా అక్షరాలు నాకు తెలీవా?

"అమ్మ ట్రంకు పెట్టెలో, నాన్న చొక్కా కింద పరిచిన పేపరు అడుగున ఉంది, నాన్న దాచుకున్న కాపీ. రెండేళ్ల క్రితమే చూశాను, ఇది ఉన్నట్టే అమ్మకి తెలీదు," అంది. "ఇలాగే టైపు చెయ్యి నాది కూడా. ఇదే పద్ధతి. హాబీలు ఉంచేద్దాం మామయ్యా, నేను నిర్ణయించుకున్నాను. ఇదిగో చూడు, నాన్నకి ఈత వచ్చు అని ఉంది. అమ్మేమో రాదంటుంది. అమ్మ చెప్పేది ఎప్పుడూ నమ్మబుద్ధి కాలేదు నాకు. రాకుండా ఎవరైనా దిగుతారా? వచ్చు కాబట్టే దిగాడు, ఏదో జరిగింది. ఇది చూశాకే నేనూ వెళ్లి చేరాను, స్టేడియం వెనక. రెండేళ్లయింది. మొదటి రోజే మాస్టారు అన్నారు, నీకు ఒంట్లోనే ఉందమ్మా అని. మా నాన్నకి వచ్చండీ అని చెప్పాను." ఆ మాట చెప్పేటప్పుడు దాని మొహం వెలిగిపోయింది.

ఇదా నువ్వు నాకు పెట్టిన పరీక్ష, బావా. ఊరుకుంటే దానికి ఈత వచ్చిన నాన్న మిగులుతాడు. చెప్తే ఆ నాన్న కూడా పోతాడు, రెండోసారి, అదీ నా చేతిలోనే. ఊరుకో అంది లోపల అదే గొంతు, మెకానిక్‌తో చెప్పకు అన్న గొంతు, ఎంత మెత్తగా అందో, దాని మంచికేగా అంది. ఆ గొంతు గుర్తుపట్టాను కాబట్టే నోరు తెరిచాను.

"చిట్టీ, ఆ మూడూ మీ నాన్నవి కావు. నేను పెట్టినవి. అప్పట్లో అందరికీ అవే పెట్టేవాణ్ని. వాడికి ఈత రాదు. ఆ కాగితం చూసి వాణ్ని దింపారు."

ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. మెకానిక్ వచ్చింది చెప్పాను, చెప్పకు అన్నది చెప్పాను, వచ్చే నెల అన్నది చెప్పాను, స్టేప్లర్ పిన్నులు కూడా చెప్పాను. ఎవరో తలుపు తోసి జెరాక్సా అన్నారు, మిషను పాడైందండీ అన్నాను. చిట్టి కాగితం మీద ఆ ఆఖరి వరసని వేలితో ఇటునుంచి అటు తుడుస్తోంది, మరక అనుకున్నట్టు. ఏడుస్తుందనుకున్నాను, లేచి వెళ్లిపోతుందనుకున్నాను, కొట్టినా బాగుండుననుకున్నాను.

వేలు అక్కడే ఆపి, "ఈత అని నాన్న పెట్టమన్నాడా?" అంది.

"లేదమ్మా."

"మరి నాన్న ఏం పెట్టమన్నాడు?"

"ఇస్త్రీ చెయ్యడం అన్నాడు. నేను నవ్వాను."

చిట్టి తన చేతి మీది మడత చూసుకుంది. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని అలాగే ఉండిపోయింది. అప్పుడు వచ్చింది ఏడుపు, చప్పుడు లేకుండా, వాళ్లమ్మలా కాదు, వాడిలా. నేను చెయ్యి చాపాను, తల మీద పెట్టనివ్వలేదు. పెట్టనివ్వకపోవడమే న్యాయం అనిపించింది.

కళ్లు తుడుచుకుని కాగితం మడిచింది, పాత మడతల మీదే, కవర్లో పెట్టింది. ఇంకా ఒక్క అక్షరం టైపు చెయ్యలేదు, దానికోసం ఖాళీ చేసి తెరిచి పెట్టిన ఫైల్లో హాబీలు అన్న మాట పక్కన గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. "అది రేపు చేద్దాం," అంది. "అమ్మ ఈ పాటికి ఇంటికొచ్చేసి ఉంటుంది. షాపు మూసెయ్ మామయ్యా."

"నువ్వు కూడా వస్తావా?"

"నేనూ చెప్పాలిగా, ఆదివారాలు ఎక్కడికి వెళ్తున్నానో. నాది నేను చెప్తాను. నీది నువ్వు చెప్పు."

మిషను ఆపాను, ఫ్యాను ఆపాను, చెప్పులు తొడుక్కున్నాను. షట్టరు సగం దాకా వచ్చి ఎప్పటిలాగే బిగుసుకుపోయింది, చిట్టి రెండో వైపు పట్టుకుని లాగింది.